గాలిమోటరు దిగిన ఊళ్ళు

ఇంగ్లండు పోయి వచ్చినప్పటి నుంచీ మా హనుమకొండ వాడలో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. "లండన్ చూసినవా? రాజుగారి కోట చూసినవా?" చూశానండీ, చూడకేం! అందరూ నిలబడి ఫోటో దిగే చోట మేమూ నిలబడి ఫోటో దిగాం. కానీ రెండు నెలలు అక్కడ ఉండి వచ్చాక నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ కోట కాదు. డోర్సెట్ అనే జిల్లాలో మన మండల కేంద్రమంత కూడా లేని ఒక పల్లె, దాని పక్కన ఒక మైదానం, ఒక చిన్న చర్చి ఆవరణలో వరసగా తెల్లరాళ్ళు. అంత దూరం పోతే అక్కడ మన నిజాంగారి తలపాగా ఎదురవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మొదటి నుంచీ చెబుతాను.

మా అమ్మాయి బోర్న్‌మత్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో నర్సుగా చేస్తోంది. 2024 వేసవిలో మావారూ నేనూ వెళ్ళాం. అమ్మాయికి వారానికి రెండు రోజులు సెలవు. ఆ రెండు రోజులూ మమ్మల్ని ఇంట్లో కూర్చోనివ్వకూడదని దాని పట్టుదల. ఒక బుధవారం పొద్దున్నే అల్లుడు కారు తీశాడు. "ఇవాళ డోర్చెస్టర్ పోదాం అత్తయ్యా, అక్కడ బుధవారం సంత" అన్నాడు. సంత అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. స్టీలు డబ్బాలో పులిహోర, ఆలుగడ్డ వేపుడు, ఒక సీసాలో చారు కట్టుకుని బయల్దేరాం. (అక్కడి వేసవిని నమ్మి శాలువా తీసుకుపోలేదు. మీరెవరైనా వెళితే ఆ పొరపాటు చేయకండి.)

డోర్చెస్టర్ చిన్న టౌను. ఎర్ర ఇటుకల ఇళ్ళు, కిటికీకొక పూలకుండీ. థామస్ హార్డీ అనే నవలాకారుడి ఊరట అది. మావారు డిగ్రీలో ఆయన నవల పాఠంగా చదివారట. రోడ్డు పక్కన ఆయన విగ్రహం కనబడగానే ముప్ఫయ్యేళ్ళు వెనక్కి పోయి పరీక్షల ముచ్చట్లు మొదలుపెట్టారు. నేను సంతలోకి నడిచాను. వంకాయలు మన కిలో ధర వింటే కళ్ళు తిరిగేట్టున్నాయి గానీ, యాపిల్ కేకు మాత్రం రుచిగా ఉంది. పుల్లటి యాపిల్ ముక్కలు సన్నగా తరిగి మైదా, వెన్న, చక్కెర, గుడ్డులో కలిపి కాలుస్తారు. డోర్సెట్‌కు అది పేరుపడ్డ వంట. డోర్సెట్ నాబ్ అని ఇంకో బిస్కెట్టు సంగతి కూడా ఒకామె చెప్పింది. చేత్తో చిన్న ఉండలు చేసి మూడుసార్లు కాలుస్తారట. పళ్ళకు పరీక్షేనట! సంక్రాంతికి మనం చేసే సకినాల్లో ఒకటో రెండో మాడి గట్టిపడితే ఎలా ఉంటాయో అలా ఉంటుందేమో అనుకున్నాను.

మధ్యాహ్నం మోర్టన్ అనే పల్లెకు పోయాం. అల్లుడికి లారెన్స్ ఆఫ్ అరేబియా సినిమా అంటే పిచ్చి. ఆ లారెన్స్ 1935లో మోటారుసైకిల్ ప్రమాదంలో పోతే ఇక్కడే సమాధి చేశారు. సమాధి చూసి, దగ్గర్లోనే ఉన్న చర్చిలోకి వెళ్ళాం. అక్కడ నేను ఆగిపోయాను. సాధారణంగా చర్చి కిటికీలకు రంగురంగుల అద్దాలుంటాయి కదా! ఇక్కడ అన్నీ తెల్లటి అద్దాలే. వాటి మీద సన్నగా గీసి చెక్కిన పూలూ కొవ్వొత్తులూ. ఎండ పడినప్పుడు ముగ్గు మీద మంచు పడ్డట్టుంది. పాత కిటికీలేమయ్యాయంటే, 1940 అక్టోబరులో ఒక జర్మన్ విమానం వదిలిన బాంబుకు పగిలిపోయాయట. యుద్ధం అయ్యాక లారెన్స్ విస్లర్ అనే కళాకారుడు ఏళ్ళ తరబడి కూర్చుని ఈ అద్దాలు చెక్కాడు. అందులో ఒక కిటికీ ఆ యుద్ధంలో చనిపోయిన ఒక పైలట్ గుర్తుగా.

"ఇంత చిన్న పల్లె మీద బాంబెందుకమ్మా వేశారు?" అని అడిగాను. పూలు మారుస్తున్న ఒక పెద్దావిడ విని, మా అమ్మాయితో ఇంగ్లీషులో చెప్పింది. అక్కడికి నాలుగైదు కిలోమీటర్లలో వార్మ్‌వెల్ అనే చోట యుద్ధకాలం నాటి విమానాల స్థావరం ఉండేదట. చెప్పి, "మీరు ఏ ఊరివాళ్ళు?" అంది. వరంగల్ అంటే ఆమెకేం తెలుస్తుంది? "హైదరాబాద్ దగ్గర" అంది మా అమ్మాయి.

ఆవిడ చేతిలో పూలు అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "అయితే మీరు తప్పకుండా వార్మ్‌వెల్ చూడాలి. అక్కడ ఎగిరింది మీ హైదరాబాద్ దళమే" అంది!

నాకు నమ్మకం కలగలేదు. ఆవిడ ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. బ్రిటిష్ వాయుసేనలో 152వ దళం గుర్తు అది. నడుమ ఒక తలపాగా! నిజాం పెట్టుకునే తలపాగానే. కింద ఒక వాక్యం ఉంది. నమ్మకమైన మిత్రుడు అని దాని అర్థం. మావారు చరిత్రలో దిట్ట. చప్పున అందుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి 1918లో ఇంగ్లండు రాజు మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఇచ్చిన బిరుదే అది. ఆ యుద్ధంలోనే 110వ దళానికి విమానాలన్నీ నిజామే కొనిచ్చారు. ప్రతి విమానం మీదా హైదరాబాద్ నిజాం కానుక అని రాశారు. వాటిలో ఒకటి శత్రువులకు చిక్కి, దేశాలు తిరిగి, చివరికి ఇంగ్లండుకు చేరి వాయుసేన మ్యూజియంలో ఉంది. రెండో యుద్ధం వచ్చేసరికి 152, 253 దళాలకు కూడా హైదరాబాద్ పేరు పెట్టారు.

ఇక వార్మ్‌వెల్ చూడకుండా ఎలా వెనక్కి వస్తాం?

చెప్పొద్దూ, అక్కడికి పోతే చూడ్డానికేమీ లేదు. 1937లో తెరిచిన స్థావరం. సిమెంటు రన్‌వే కూడా వేయలేదు, పచ్చిక మీదే విమానాలు దిగేవి. యుద్ధం అయ్యాక మూసేశారు. తర్వాత కంకర కోసం తవ్వుకున్నారు. మిగతా చోట క్రాస్‌వేస్ అనే ఊరు వెలిసింది. పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ఒకాయన పెరట్లో గడ్డి కోస్తున్నాడు. 1940 జూలైలో ఇక్కడికి స్పిట్‌ఫైర్లు వచ్చాయి. దక్షిణాన సముద్రంలోకి పొడుచుకువచ్చిన పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాపాడటం వాటి పని. ఆ ఏడు జూలై నుంచి అక్టోబరు చివరి దాకా ఆ దేశపు ఆకాశంలో జరిగిన యుద్ధమే దేశాన్ని నిలబెట్టిందని ఇంగ్లండు వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రాస్‌వేస్ వాళ్ళు ఆ స్థావరం గుర్తుగా ఒక రాయి నిలబెట్టారు. ఆ రాయే లేకపోతే అక్కడ ఏం జరిగిందో దారినపోయేవాళ్ళకు తెలియనే తెలియదు.

వార్మ్‌వెల్ చర్చి ఆవరణలో ఇరవై దాకా తెల్లరాతి సమాధులున్నాయి. అన్నీ ఒకే కొలత, ఒకే తీరు. పైన వాయుసేన గుర్తు, కింద పేరు, హోదా, తేదీ, వయసు. వయసు చదువుతూ పోతుంటే మా అబ్బాయి ఈడు వాళ్ళే ఎక్కువ. అడుగున ఒక వాక్యం రాయించుకునే హక్కు ఇంటివాళ్ళకు ఉండేదట. ఒక్కొక్క రాయి దగ్గరా మా అమ్మాయి చదివి చెబుతుంటే నాకు మాట రాలేదు. ఆ వాక్యం ఏ వంటింట్లో, ఏ తల్లి కూర్చుని రాసిందో కదా!

తిరుగు దారిలో మళ్ళీ మోర్టన్‌లో ఆగాం. ఆ పెద్దావిడ టీ ఇచ్చింది. వాళ్ళమ్మ చెప్పిన ముచ్చట్లు చెప్పింది. ఆ జూలైలోనే ప్రభుత్వం ఆడవాళ్ళను అల్యూమినియం గిన్నెలు అడిగిందట. "మీ గిన్నెల్ని విమానాలు చేస్తాం, ఇవ్వండి" అని. దేశమంతా ఆడవాళ్ళు గిన్నెలు, కెటిళ్ళు, కేకు అచ్చులు తెచ్చి కుప్పపోశారు. అప్పటికే జనవరి నుంచి వెన్న, చక్కెర రేషన్. జూలైలో టీ కూడా రేషనైంది. మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 56 గ్రాముల టీపొడి! మా ఇంట్లో మావారొక్కరే నాలుగు రోజుల్లో అయిపోగొడతారు. కొన్ని సరుకుల మీద రేషను 1954 దాకా నడిచింది. "మా అమ్మ తనకున్న ఒకే ఒక్క మంచి గిన్నె ఇచ్చేసింది. చనిపోయేదాకా గర్వంగా చెప్పుకునేది" అంది ఆవిడ.

నేను తలూపాను గానీ లోపల ఏదో గుచ్చుకుంది. వాళ్ళమ్మ గిన్నె లెక్కలో ఉంది. మరి తలపాగా వెనకాల ఉన్న డబ్బు ఎవరిది? నిజాంగారిదంటే నిజాంగారు నాగలి పట్టారా? వరంగల్, నల్లగొండ, కరీంనగర్ పల్లెల శిస్తు కాదూ అది? మనవాళ్ళను గిన్నెలు ఎవరూ అడగలేదు. ఆ యుద్ధ రోజుల్లోనే లెవీ అని చెప్పి గుమ్ముల్లోంచి వడ్లు కొలుచుకుపోయారు. ఇచ్చామని గర్వపడటానికి కూడా ఎవరూ అవకాశం ఇవ్వలేదు. ఇది నా ఉద్దేశం మాత్రమే. మావారు మాత్రం "అన్నీ అలా లెక్కేస్తే ఎలా, ఆ యుద్ధంలో హిట్లర్ గెలిస్తే మన గతేమయ్యేది?" అన్నారు. అదీ నిజమే. కారు ఇల్లు చేరేదాకా ఇద్దరం అదే వాదించుకున్నాం. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోయింది.

ఇంటికొచ్చాక ఇదంతా అత్తమ్మకు చెప్పాను. అత్తమ్మకు ఎనభై ఏడేళ్ళు. కళ్ళు మసక గానీ చెవులు పాము చెవులు. పుట్టిల్లు మామునూరు పక్క పల్లె. శ్రద్ధగా విని, "గాలిమోటర్ సూడనీకి గంత దూరం పోయినవా పిల్లా? మా ఊళ్ళె దిగలేదా గాలిమోటర్?" అంది.

అవును కదా! ఖమ్మం రోడ్డు మీద ఎన్నిసార్లు పోయామో, మామునూరు ఏరోడ్రం ముందు నుంచే పోయాం. ఒక్కసారైనా దిగి చూశామా? 1930లో ఇదే నిజాం కాలంలో వేసిన విమానాశ్రయం అది. మొదట్లో 1875 ఎకరాలట. పైలట్లకు ఇళ్ళు, శిక్షణ కేంద్రం అన్నీ ఉండేవట. తర్వాత వచ్చింది వరంగల్ ఆజంజాహి మిల్లు. 1981 దాకా మామునూరులో విమానాలు దిగేవంటారు. ఆ తర్వాత గడ్డి మొలిచింది. పోలీసు శిక్షణ కేంద్రం, పటాలం చుట్టుపక్కల వెలిశాయి. విమానాశ్రయానికి 696 ఎకరాలు మిగిలింది. 2008లో షంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పుడు దానికి 150 కిలోమీటర్ల లోపల ఇంకొకటి రాకూడదని ఒప్పందం ఉండటంతో మామునూరు మాట మరుగునపడింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చింది. పాత స్థలం చాలదని ఇంకో 253 ఎకరాలు తీసుకోవాలన్నారు. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి వైపు పొలాలు అందులోకి వస్తాయి.

ఆ వార్త విన్ననాడు మా వాడంతా మిఠాయిలు పంచుకున్నారు. మా అమ్మాయి ఫోను చేసి "అమ్మా, ఇక వరంగల్‌లోనే దిగొచ్చు!" అని సంబరపడింది. అత్తమ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఆమె అన్నకొడుకు ఎకరంన్నర ఆ 253లో ఉంది.

ఆ ఆదివారం ఆమెను ఆటోలో మామునూరు తీసుకుపోయాను. ఎండ ఎక్కకముందే పోదామని పొద్దున్నే సర్వపిండి చేసి కట్టుకున్నాం. కంచె అవతల అంతా ఒకటే మైదానం. పాత రన్‌వే నల్లగా పగిలి, పగుళ్ళలో గడ్డి మొలిచి ఉంది. దూరంగా బర్రెలు మేస్తున్నాయి. వార్మ్‌వెల్‌లో చూసిన ఆకాశం లాంటిదే ఇక్కడా. అంత పెద్దది, అంత ఖాళీగా. రాయి మాత్రం లేదు. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, ఎవరు కట్టారు అని చెప్పే పలకను నేనెక్కడా చూడలేదు.

అత్తమ్మ కంచె పట్టుకుని నిలబడి చెప్పుకుపోయింది. "నేను పుట్టకముందు మా బాపు ఈడ మొరం తట్టలు మోసిండు. కూలి ఇచ్చిన్రో, వెట్టికి తోల్కపోయిన్రో, నాకు ఎరుక లేదు. మా తాత భూమి గూడ ఈడ్నే పోయిందంటరు. నేను చిన్నగున్నప్పుడు గాలిమోటర్ వస్తే గొర్లు చెదిరి వాగుల పడేటియి. మేము ఉరికి వాటిని పట్టుకునేది పోయి, మీదికే సూస్కుంట నిలవడేది. ఇంటికిపోతే దెబ్బలు!" అని నవ్వింది.

"మళ్ళీ భూమి పోతోందని బాధగా ఉందా అత్తమ్మా?" అని అడిగాను.

"మోటర్ రానియ్యి. మనుమరాలు ఈడ దిగుతది గద! గనీ మావోనికి పైసలు సక్కగ ఇయ్యాలె, ఊళ్ళకు పోయే బాట ఇయ్యాలె" అంది. ఆ మాట ఆ పల్లెల్లో అందరూ అంటున్నదే. రన్‌వే పొడుగు పెరిగితే ఊరికి పోయే రోడ్డు తెగుతుంది. చుట్టూ తిరిగి పోవాలంటే బడికి పోయే పిల్లలకూ పాలు పోసేవాళ్ళకూ ఎంత కష్టమో ఇల్లు నడిపే ఆడవాళ్ళకు వేరే చెప్పాలా?

కాసేపాగి అడిగింది. "ఆ తెల్లోళ్ళ ఊళ్ళె సచ్చిపోయినోళ్ళ పేర్లు రాళ్ళ మీద రాసిన్రంటివి గద! మరి మొరం మోసినోళ్ళ పేర్లు యాడ రాసిన్రు?"

అక్కడా రాయలేదు అత్తమ్మా, అన్నాను. నిజమే. ఆ పచ్చిక చదును చేసిన వాళ్ళ పేర్లు నాకు అక్కడ కూడా కనబడలేదు.

చెట్టు కింద కూర్చుని సర్వపిండి తిన్నాం. అన్నకొడుకు వచ్చి, కొలతల కోసం పెట్టిన గుర్తులు చూపించాడు. అతని బావి గుర్తుకు ఇవతలే ఉంది, పొలం అవతల. అత్తమ్మ బావిలోకి తొంగిచూసి, నీళ్ళున్నాయా అని మాత్రం అడిగింది.

ఆ రాత్రి పిల్లల పాత నోటుబుక్కు ఒకటి వెతికి అత్తమ్మ మంచం పక్కన కూర్చున్నాను. బాపుతో పాటు తట్ట మోసినవాళ్ళ పేర్లు, బాపు చెప్పగా విన్నవి, ఎన్ని గుర్తుంటే అన్ని చెప్పమన్నాను. పేరు, ఇంటిపేరు, ఏ వాడ, ఇప్పుడు వాళ్ళవాళ్ళు ఎక్కడున్నారు అని వరసగా రాశాను. పద్నాలుగు పేర్లు వచ్చాయి. అందులో అయిదుగురు ఆడవాళ్ళు. పదిహేనో మనిషి ముఖం కనబడుతోంది గానీ పేరు రావడం లేదని కళ్ళు మూసుకుని చాలాసేపు తంటాలు పడి, అలాగే నిద్రపోయింది.

తెల్లారి నేను పెనం మీద జొన్నరొట్టె వేస్తుంటే లోపలి నుంచి కేక. "ఓ పిల్లా! రొట్టె తర్వాత కాలుద్దువు గనీ ముందు ఇటురా. యాదికొచ్చింది, రాసుకో!"